అమీన్‌కి దీర్ఘం ఎక్కడ?

సందేహం: పక్కింటివాళ్ళు మనవడికి అమీన్ అని పేరు పెట్టారు. ప్రార్థన చివర అనే మాటా, జప్తుకొచ్చే కోర్టు అమీనా, ఈ పేరూ అన్నీ ఒకటేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: చుట్టాలేనమ్మా, కానీ ఒకటి కాదు. పిల్లవాడి పేరులో 'అ' హ్రస్వం, 'మీ' దీర్ఘం. నమ్మదగినవాడు అని అర్థం. ప్రార్థన చివరిది ఆమీన్, 'అలాగే అగుగాక' అని. చర్చిలో అనే ఆమెన్ హీబ్రూ మాట, అదీ ఈ ధాతువుదే. ప్రవక్త తల్లిగారు ఆమినా, అమీన్‌కి స్త్రీలింగం అమీనా. ఇప్పుడు రాసేవాళ్ళు వీటన్నిటికీ ఎక్కడ చేయి తిరిగితే అక్కడ దీర్ఘం పెట్టేస్తున్నారు, మన అక్షరాల్లో హ్రస్వానికీ దీర్ఘానికీ విడివిడి గుర్తులున్నది ఎందుకో మరి!

ప్రవక్త కాకముందే ముహమ్మద్‌ని మక్కావాళ్ళు అల్-అమీన్ అనేవారు. కాబాను తిరిగి కట్టేటప్పుడు నల్లరాయిని ఎవరు పెట్టాలని తెగలు కొట్టుకోబోయి, ముందుగా లోపలికి వచ్చినవాడి తీర్పుకి కట్టుబడదామనుకున్నాయట. వచ్చింది ఆయనే. 'అమీన్ వచ్చాడు, మాకు సమ్మతమే' అన్నారు. ఆయన రాయిని గుడ్డలో పెట్టి అంచులు అందరి చేతా పట్టించి ఎత్తించాడని సంప్రదాయం చెబుతుంది. పేరు వెనకున్న గౌరవం అది.

ఇక నా పిచ్చి సంగతి. నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము అమానత్, అదీ అమీన్ ధాతువుదే. మనవాళ్ళ నోట్లో మ, న తారుమారై అనామతు అయింది. చిట్టాలో 'అనామతు ఖాతా' చూసి, అనామకుల డబ్బేమో అని ఈమధ్య ఒక చదువుకున్నాయన నాతోనే వాదించాడు! ఏం చెప్పను?

అచ్చతెలుగులో తొలి కావ్యం, పొన్నికంటి తెలగన్న యయాతి చరిత్ర, అంకితం పుచ్చుకున్నదెవరనుకున్నారు? కుతుబ్‌షాహీల నాటి పొట్లచెరువు, అంటే మన పటాన్‌చెరు, అమీన్ ఖాన్. సంస్కృత తత్సమాల్ని గడప తొక్కనివ్వని కావ్యానికి కృతిపతి పేరు మాత్రం నిఖార్సైన అరబ్బీ. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

కోర్టు అమీనా కూడా అమీనే, సర్కారు నమ్మి పంపిన మనిషి. చివర దీర్ఘం మనం తగిలించిందే కాబోలు, అరబ్బీ లెక్కన మీసాలాయనకి ఆడపేరు పెట్టినట్టయింది. ఇక అమీన్ అనాలా, అమీను అనాలా అంటే, పిల్లవాడి ఇంట్లో ఎలా పిలిస్తే అలా. నేనైతే పొల్లుతోనే రాస్తాను, ఉకారం పెట్టినా తప్పుపట్టను.