గార పళ్ళు, ఐక్యూ, బడిలో యూనివర్సిటీ సర్వే: సంతకం పెట్టాలా?

పెట్టండమ్మా. కాకపోతే ఫారం మొత్తం తెలుగులో చదివించుకుని, అడగాల్సినవి అడిగాక పెట్టండి.

మీది కనిగిరి దగ్గర పల్లె అన్నారు. మూడో తరగతి చదివే బాబుకి ముందు పళ్ళ మీద గోధుమ రంగు గార ఉంది, చదువులో వెనకబడ్డాడని టీచరు అన్నారు. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళు బడికొచ్చి, పిల్లల మూత్రం శాంపిల్ తీసుకుని తెలివితేటల పరీక్ష (ఐక్యూ పరీక్ష) పెడతామంటున్నారు. ఈలోపు ‘ఫ్లోరైడ్ వల్ల పిల్లల ఐక్యూ పడిపోతుందని హార్వర్డ్ తేల్చేసింది’ అని మీ ఆడపడుచు వాట్సాప్‌లో పంపారు. సర్వే కన్నా ఆ మెసేజే మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నట్టుంది.

నేను పొదిలి వైపు ఒక ప్రభుత్వ బడిలో సైన్స్ చెబుతాను. పుట్టింది ఉదయగిరి దగ్గర, నా పళ్ళకీ గార ఉంది. మా బడికి కూడా ఇలాంటి బృందం వచ్చింది. మా పాపని అందులో చేర్చాను, పరీక్ష పెట్టిన గదిలో ఒక మూల కూర్చుని చూశాను కూడా. కాబట్టి తెలిసిన మేరకు చెప్తాను.

ముందు పళ్ళ సంగతి. పాలపళ్ళ వెనక, చిగురు లోపల శాశ్వత పళ్ళు తయారవుతున్న వయసులో బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా ఒంట్లోకి పోతే ఎనామెల్, అంటే పంటి పైపొర, గట్టిపడే పని సరిగా జరగదు. పైకి కనపడని సన్న రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను బయటికొచ్చాక వాటిలో రంగు పడుతుంది. ముందు పళ్ళ ఎనామెల్ దాదాపు నాలుగైదేళ్ళలోపే తయారైపోతుంది. అంటే మీవాడి గార వాడు పసివాడుగా ఉన్నప్పుడు తాగిన నీళ్ళ గురించి చెబుతోంది, ఈరోజు తాగుతున్న వాటి గురించి కాదు. ఈరోజు సంగతి మూత్రం చెబుతుంది, ఎందుకంటే ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌లో కొంత ఎముకల్లో చేరితే, మిగతాదాంట్లో చాలా భాగం కొన్ని గంటల్లోనే మూత్రంలో వచ్చేస్తుంది. వాళ్ళు పళ్ళు చూసి ఊరుకోకుండా శాంపిల్ అడగడం అందుకే. పళ్ళు చూసి ‘వీడికి బుర్ర తక్కువ’ అనేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు. అలా అయితే పొదిలి, దర్శి, కనిగిరిల నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చి ఉండకూడదు.

మన ప్రాంతానికి ఈ పరిశోధన కొత్తేం కాదు. మన దేశంలో మనుషులకు వచ్చిన ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బుకి ఫ్లోరైడే కారణమని మొదట గుర్తించింది మన దగ్గరే. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో నెల్లూరు జిల్లా రోగుల గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లావే, ప్రకాశం జిల్లా 1970లో కదా ఏర్పడింది. అంతకు ముందే రైతులు తమ ఎడ్లు చిన్న వయసులోనే కాళ్ళు బిగుసుకుపోయి దున్నలేకపోవడం గమనించారని చెప్తారు. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పుడు మొదట తీసుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఇన్నేళ్ళూ పళ్ళు, ఎముకలు చూశారు. పిల్లల చదువు వైపు, మెదడు వైపు చూడటం మాత్రం ఈమధ్య పెరిగింది.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. అది పూర్తిగా అబద్ధం కాదు, చెప్పిన తీరు తప్పు. హార్వర్డ్ వాళ్ళు 2012లో చేసింది కొత్త పరీక్ష కాదు, అప్పటికే జరిగిన 27 అధ్యయనాల లెక్కలు కలిపి చూశారు. వాటిలో ఎక్కువ భాగం చైనావి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళ పిల్లల సగటు ఐక్యూ సుమారు 7 పాయింట్లు తక్కువగా కనిపించింది. కానీ ఆ అధ్యయనాల్లో చాలావాటిలో ఇంటి పరిస్థితి, తల్లిదండ్రుల చదువు, నీళ్ళలో ఆర్సెనిక్ లాంటి విషాలు ఉన్నాయా అన్న వివరాలు సరిగా లేవు. తర్వాత 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ మరింత పెద్ద సమీక్ష చేసింది. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్నచోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికీ దానికీ సంబంధం ఉందని ‘ఒక మోస్తరు నమ్మకంతో’ చెప్పగలమంది. అంతకన్నా తక్కువ మోతాదు గురించి తేల్చడానికి ఆధారాలు చాలవంది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో, పళ్ళు పుచ్చకుండా కొలిచి ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు తాగి పెరిగినవాళ్ళని 38 ఏళ్ళ వయసు వరకూ గమనించి చూస్తే ఐక్యూలో తేడా కనపడలేదు. అది మన బోరు నీళ్ళ మోతాదు కాదు, చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా ఆ 1.5 మిల్లీగ్రాములే. మన దేశ ప్రమాణం 1 దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చని చెబుతుంది.

కాబట్టి విషయాన్ని కొట్టిపారేయడానికి లేదు. అయితే ఇవన్నీ గుంపు లెక్కలు. క్లాసు సగటు తగ్గిందంటే ఫలానా పిల్లవాడు ఫెయిలయ్యాడని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. వంద మంది పిల్లల సగటులో ఏడు పాయింట్ల తేడా ఆ ఊరికి, ప్రభుత్వానికి పెద్ద సంగతే. మీ బాబు ఒక్కడి విషయంలో అది ఏమీ చెప్పదు. మీ బాబు చదువు వెనకబడటానికి కారణం ఫ్లోరైడే అని చెప్పగల యూనివర్సిటీ ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ పరీక్ష గది. మా బడిలో పెట్టింది రావెన్స్ అనే పరీక్ష, రంగు బొమ్మలతో ఉండేది. బొమ్మలో ఒక ముక్క కోసేసి ఉంటుంది, కింద ఆరు ముక్కల్లో ఏది సరిపోతుందో పిల్లవాడు వేలు పెట్టి చూపించాలి. మొత్తం 36 బొమ్మలు. చదవడం, రాయడం అక్కర్లేదు కాబట్టి ఏ భాష పిల్లలకైనా పెట్టొచ్చంటారు. నిజమే గానీ, ఇంట్లో బొమ్మల పుస్తకాలు, పజిళ్ళు చూసిన పిల్లలు చకచకా చూపిస్తుంటే, అలాంటివి ఎప్పుడూ చూడని పిల్లలు ముందు బెదిరిపోయారు. ఒకడు ‘ఇది ఏ లెసన్‌లోది టీచర్?’ అని నన్నే అడిగాడు. అన్నం బెల్లు దగ్గర పడుతుంటే ఇంకొకతను చివరి బొమ్మలన్నిటికీ ఒకే మూల చూపించి లేచిపోయాడు. వాడు మా క్లాసులో లెక్కలు చురుగ్గా చేసేవాడు! అందుకే మంచి బృందమైతే పొద్దున పూటే, పిల్లలు ఏదో ఒకటి తిన్నాక, విడిగా ఒక్కొక్కరినీ కూర్చోబెడతారు. పరీక్ష పెట్టే మనిషికి ఏ పిల్లవాడి నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ ఉందో ముందే చెప్పరు. తెలిస్తే ఆ ప్రభావం వాళ్ళకే తెలియకుండా మార్కుల మీద పడుతుంది. మీ దగ్గరికొచ్చిన వాళ్ళని ఈ ముక్క తప్పక అడగండి. విసుక్కోకుండా వివరంగా చెప్పారంటే పని తెలిసినవాళ్ళే.

ఇంటి గురించి కూడా చాలా ప్రశ్నలు వేస్తారు. అమ్మానాన్నల చదువు, పనికి హైదరాబాదో బెంగళూరో వలస వెళ్ళి పిల్లవాణ్ణి ఎన్ని నెలలు వేరే చోట ఉంచారు, ఏ నీళ్ళు తాగుతారు, ఏ ఉప్పు వాడతారు. ఇదంతా మీ గుట్టు లాగడం కాదు. పేదరికం వల్ల వచ్చిన తేడాని నీళ్ళ మీద నెట్టకుండా ఉండటానికి అవి కావాలి. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు.

సంతకం విషయంలో మీ హక్కులు గట్టివే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నియమాల ప్రకారం తల్లో తండ్రో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీ బాబు వయసు పిల్లల్ని నోటిమాటగానైనా అడిగి, వాళ్ళు సరేనంటేనే చేయాలి. మధ్యలో మానుకుంటే బడిలో గానీ ఆసుపత్రిలో గానీ మీకు ఏ నష్టమూ ఉండకూడదు. ఫారంలో ఎథిక్స్ కమిటీ (పరిశోధన న్యాయంగా జరుగుతోందో లేదో చూసే సంఘం) వివరాలు, ఫోన్ నంబరు ఉండాలి. మీ కాపీ మీకివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాబు మూత్రంలో ఫ్లోరైడ్ ఎంతో, మీ నీళ్ళలో ఎంతో మీకు ఎప్పుడు, ఎలా చెప్తారో ముందే రాయించుకోండి. మా బడికి అంతకు ముందొక బృందం వచ్చి పిల్లల నోళ్ళు చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళింది. ఆ తర్వాత వాళ్ళ జాడ లేదు. హెడ్‌మాస్టరు ఉత్తరం రాసినా జవాబు రాలేదు. అందుకే రెండోసారి వచ్చినవాళ్ళతో తల్లులు ఈ మాటే గట్టిగా పట్టుబట్టారు, వాళ్ళు రాసిచ్చారు, ఇచ్చిన మాట ప్రకారం కాగితాలు పంపారు. ఐక్యూ అంకె మాత్రం ఒక్కో పిల్లవాడికి విడిగా ఇవ్వబోమని చెప్పారు. నాకది సబబే అనిపించింది. ఆ అంకె ఊళ్ళోకి వస్తే దాన్ని పట్టుకుని పిల్లల్ని ఏం చేస్తామో మనకి తెలుసు.

మీ బాబు చదువు మీద దిగులుంటే సర్వే ఫలితాల కోసం ఆగకండి. రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక చిన్న కథ ఇచ్చి గట్టిగా చదవమనండి. అక్షరాల దగ్గర ఆగుతున్నాడా, గుణింతాల దగ్గరా, వత్తుల దగ్గరా, లేక చదివేసి అర్థం చెప్పలేకపోతున్నాడా చూడండి. ఏ మెట్టు దగ్గర ఆగాడో టీచరుకి చెబితే ఆమె అక్కడి నుంచి పట్టుకోగలరు. ‘వెనకబడ్డాడు’ అన్న ఒక్క మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. కళ్ళు, చెవులు చూపించండి. చెవిలో చీము కారే పిల్లలు వినపడక వెనకబడటం నేను ఎక్కువగా చూశాను. రక్తంలో హిమోగ్లోబిన్ చూపించండి, రక్తహీనత ఉన్న పిల్లవాడికి క్లాసులో ధ్యాస నిలవదు. బడిలో వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర మింగుతున్నాడో, కిటికీలోంచి విసిరేస్తున్నాడో కనుక్కోండి. బడి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వచ్చినప్పుడు చదవడంలో ఇబ్బంది ఉందని ప్రత్యేకంగా చెప్పండి, వాళ్ళు చూడాల్సిన వాటిలో అదీ ఉంది.

నీళ్ళ విషయంలో మన ఇళ్ళల్లో ఒక తిరకాసు ఉంది. తాగడానికి క్యాన్ నీళ్ళు కొంటాం, అన్నం, పప్పు వండేది బోరు నీళ్ళతో. గంజి వార్చకుండా వండితే ఆ నీళ్ళలోని ఫ్లోరైడంతా కంచంలోకే వస్తుంది. కాచినా పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకీ పోదు. ఆర్‌ఓ బాగా పనిచేస్తే చాలావరకు పోతుంది. ప్లాంటు కుర్రాడు చూపించే టీడీఎస్ మీటరు మాత్రం ఫ్లోరైడ్ కొలవదు, నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది. రుచి కోసం బోరు నీళ్ళు కొంచెం కలిపే ప్లాంట్లు కూడా ఉన్నాయి. వంటకి కూడా మంచి నీళ్ళు వాడటం మీకు ఖర్చే, తెలుసు. కనీసం బాబు తినే అన్నం, పప్పు వరకైనా చూడండి.

వాడికి టీ అలవాటుంటే మాన్పించండి. తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా అన్నంతో పాటు తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. పాలు, పెరుగు, రాగి జావ పెట్టండి. వాటిలోని కాల్షియం కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ని పట్టి ఉంచుతుంది.

సర్వే వాళ్ళు వచ్చేలోపు మీ నీళ్ళు మీరే పరీక్ష చేయించొచ్చు. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడిగితే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకి ఎలా పంపాలో చెప్తారు. గాజు సీసాలో వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. తాగే నీళ్ళు ఒక సీసా, వంట నీళ్ళు ఇంకో సీసా. సీసా మీద ఏ బోరు నీళ్ళో, ఏ తేదీన పట్టారో రాయండి. ఫలితం వచ్చాక ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి, అప్పుడు క్యాన్ నీళ్ళు సరిపోతాయా, ఇంట్లో ఆర్‌ఓ పెట్టాలా అన్నది మాట్లాడుకుందాం.