ఫియట్ ఎక్స్1/9: కూలెంట్ మార్చాక ఇంజన్ వేడెక్కితే

మీ ఫియట్ ఎక్స్1/9 కారులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చినప్పటి నుంచి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది, హీటర్‌లో మాత్రం చల్లగాలే వస్తోంది అని మీరు అడిగారు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది లోపల చిక్కుకున్న గాలిని. వాటర్ పంపు జోలికి ఇప్పుడే పోకండి.

ఈ కారులో ఇంజన్ సీట్ల వెనక, రేడియేటర్ ముందు బంపర్ దగ్గర. రెంటినీ కలుపుతూ కింద పొడవాటి పైపులు. అందుకే మామూలు కారులా కూలెంట్ పోసి మూత పెడితే సరిపోదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, కారును చదునైన నేల మీద నిలిపి, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టండి. రేడియేటర్ పైభాగంలోని బ్లీడ్ స్క్రూ (లోపలి గాలిని బయటికి వదిలేది) వదులు చేసి, వెనకున్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (కూలెంట్ పోసే డబ్బాలో) సగం నీళ్లు, సగం గ్లైకాల్ (యాంటీఫ్రీజ్) కలిపి నెమ్మదిగా పోయండి. స్క్రూ దగ్గర మొదట బుడగలు చిమ్ముతాయి. బుడగ లేని ధార వచ్చాకే బిగించండి. మూత పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ ఐడిల్‌లో ఉంచండి. చల్లారాక మళ్లీ ఒకసారి బ్లీడ్ చేయాలి, ఇది మానొద్దు.

ఇంజన్ వేడెక్కినా ఫ్యాన్ తిరగకపోతే, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, రేడియేటర్‌కున్న థర్మోస్విచ్ (వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్) వైర్లు రెండూ ఊడదీసి కలపండి. ఫ్యాన్ తిరిగిందంటే మోటార్ బాగానే ఉంది. స్విచ్ పోయి ఉండాలి, లేదా వేడి నీళ్లు అక్కడిదాకా చేరడం లేదు.

అప్పటికీ వేడి తగ్గకపోతే కారు కింద పడుకుని పైపులు చూడండి. జాకీ తప్పుచోట పెట్టినందువల్ల పైపు నొక్కుకుపోయిన కార్లు చాలానే ఉన్నాయి. ముల్లు ఎర్రగీతకు చేరితే మాత్రం వెంటనే ఆపేయండి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, వంగిందంటే దాని కింద సీల్‌గా ఉండే గ్యాస్కెట్ కూడా పోతుంది.