అమ్మోనియా పేరులో దేవుడున్నాడా?

ప్రశ్న: అమ్మోనియా అనే పేరు ఓ దేవుడి నుంచి వచ్చిందంటారు, నిజమేనా?

జవాబు: నిజమేనండి. ఈజిప్టు పడమటి ఎడారిలో, సీవా ఒయాసిస్సులో అమ్మోన్ దేవుడి గుడి ఉండేది, క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ కూడా వెళ్లిన గుడి అది. ఆ ప్రాంతం ఉప్పుని రోమన్లు 'సాల్ అమ్మోనియాకస్', అంటే అమ్మోన్ ఉప్పు అన్నారు. తర్వాత్తర్వాత ఆ పేరు అమ్మోనియం క్లోరైడ్‌కి స్థిరపడింది. ఇది మనకీ బాగా తెలిసిన సరుకే, నవాసాగరం! కళాయి వేసేవాళ్లు కాలిన ఇత్తడి గిన్నెలో ఈ పొడి చల్లి, తగరం పెట్టి గుడ్డతో రుద్దుతుంటే గుప్పున తెల్లటి పొగ లేస్తుందే, అది దీనిదే. నవాసాగరంలో సున్నం కలిపి వేడిచేస్తే ముక్కు అదిరిపోయే ఘాటు వాయువు వస్తుంది. దానికి 1782లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్గ్‌మన్ అమ్మోనియా అని పేరు పెట్టాడు.