వెలుతురును రోడ్డు మీద కొలువు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. విజయవాడలో పెద్ద రోడ్ల వీధిదీపాల పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు స్తంభాల కింద తిరిగినవాణ్ణి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

కరెంటు లెక్క తేలిక. 250 వాట్ల సోడియం దీపం చోకుతో కలిపి దాదాపు 280 వాట్లు లాగేది. రాత్రికి పదకొండు గంటలు వెలిగితే మూడు యూనిట్ల పైమాటే. దాని స్థానంలో 120 వాట్ల ఎల్ఈడీ పెడితే 1.32 యూనిట్లు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఈ మార్పు పెద్దయెత్తున జరిగింది. మరుసటి జనవరిలో కేంద్రం దేశం మొత్తానికి పథకం తెచ్చింది. కాబట్టి ఎల్ఈడీ మంచిదని ఎవరికీ నచ్చజెప్పే పని నీకు లేదు. చిక్కల్లా, ఇంకా తక్కువ వాట్లది పెడితే ఇంకా మిగులుతుంది కదా అని ఎవరో ఒకరు అన్నప్పుడు వస్తుంది.

నేను ఒకసారి ఆ మాటకు తలూపాను. పాతవి తీసి, అవే స్తంభాలకు, అవే బ్రాకెట్లకు తక్కువ వాట్ల దీపాలు బిగించాం. బిల్లు బాగా తగ్గింది. నెల తర్వాత ఒక రాత్రి ఆ దారిన నడిచి వస్తుంటే, రెండు స్తంభాల నడుమ పూలమ్మే ఆవిడ కూర్చుని ఉంది. పైన కళ్లు జిగేల్‌మనే తెల్లటి కాంతి. ఆవిడేమో ఫోను లైటు వేసి ఒళ్లో పెట్టుకుని మల్లెపూలు మూర వేస్తోంది. చిల్లర నాణేన్ని ఆ లైటు ముందుకు తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టింది. మరునాడు రాత్రి, నేల మీద పడే వెలుతురును లక్సుల్లో కొలిచే లక్స్ మీటరు పట్టుకుని వెళ్లాను. స్తంభం కింద నలభై లక్సులు దాటింది. ఆవిడ కూర్చునే చోట మూడు. ఆ మూడు అంకె నేను మరిచిపోలేదు.

ఎల్ఈడీ కాంతి లెన్సు ఎటు మళ్లిస్తే అటే పోతుంది. అందుకని స్తంభాల ఎత్తు, వాటి మధ్య దూరం, రోడ్డు వెడల్పు కొలిచి, వాటికి సరిపోయే లెన్సున్న దీపాన్ని ఎంచుకోవాలి. వీధిదీపాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం రద్దీగా ఉండే ప్రధాన రహదారికి సగటున 30 లక్సులు కావాలి. అతి తక్కువ పడే చోట కూడా సగటులో 0.4 వంతుకు, అంటే 12కు తగ్గకూడదు. టెండరులో వాట్లతో పాటు ఈ రెండు అంకెలూ తప్పకుండా రాయించు. బిల్లు మీద సంతకం పెట్టే ముందు, రద్దీ తగ్గాక, రెండు స్తంభాల మధ్య రోడ్డు మీద ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు సుద్దతో గుర్తులు పెట్టించి, ఒక్కో చుక్క దగ్గర మీటరును నేల మీద ఆనించి నువ్వే కొలువు. కొలిచే పని ఇంకొకరికి వదలకు.

ఏటా ఒకసారి మళ్లీ కొలవాలి. ఎల్ఈడీ చాలావరకు ఒక్కసారిగా ఆరిపోదు, మెల్లగా మసకబారుతుంది. మొదటి కాంతిలో 70 శాతానికి పడిపోతే దాని ఆయుష్షు తీరినట్టే లెక్క. వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. గొడుగులా కమ్ముకున్న చెట్టుకొమ్మలు సరేసరి, వాటిని వానలకు ముందే కొట్టించు.

బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పాలా! ముందు పాడయ్యేది సాధారణంగా డ్రైవరే, అంటే దీపానికి తగినట్టు కరెంటును మార్చి అందించే భాగం. వేడికి అందులోని కెపాసిటర్లు ఎండిపోతాయి. దీపం వెనుక వేడిని బయటకు వదిలే రెక్కల మీద దుమ్ము, పక్షుల రెట్ట పేరుకుంటే వేడి బయటకు పోదు, తుడిపించు. పిడుగుల కాలానికి 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ, అంటే ఒక్కసారిగా ఎగదన్నే వోల్టేజీ నుంచి కాపాడేది, అడుగు. స్తంభానికి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ రక్షణ ఉన్నా లేనట్టే.

ఆదా కోసం అర్ధరాత్రి దాటాక ఒకటి విడిచి ఒకటి ఆర్పమంటారు. ఒప్పుకోకు. సోడియం రోజుల్లో మాకు వేరే దారి తోచక అలా చేశాం. వెలుగులోంచి చీకటిలోకి, మళ్లీ వెలుగులోకి వెళ్లే బండి డ్రైవరు కంటికి, దాటబోయే మనిషి ఆనడు. ఇప్పుడు అన్నీ వెలిగించే ఉంచి వాట్లు తగ్గించవచ్చు. చివరి ఐదు గంటలు సగానికి దించితే దీపానికి రాత్రికి ఒక యూనిట్టే. బస్టాండు చుట్టుపక్కల, బెంజి సర్కిల్లో మాత్రం తగ్గించవద్దు. అక్కడ తెల్లవార్లూ మనుషులు దిగుతూనే ఉంటారు.

నా పాత లక్స్ మీటరు గుంటూరు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. కొత్త బ్యాటరీ వేసి ఉంచుతాను. వాడే ముందు మీ ఆఫీసు మీటరుతో ఒకసారి సరిచూసుకో.

మీ మామయ్య