అన్నం మానొద్దు, కొలిచి పెట్టుకో

అమ్మలూ,

బరువు తగ్గాలని అన్నం పూర్తిగా మానేసి 12 రోజులైందని, సాయంత్రమయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయని రాశావు. చదివి చాలా బాధేసింది. ముందు ఆ పని ఆపు. రేపటి నుంచి అన్నం తిను, కాకపోతే కొలిచి తిను.

నాకు 52 ఏళ్లప్పుడు డాక్టరు గారు బరువు తగ్గమన్నారు. "నేనేం పెద్దగా తిననండీ" అన్నాను. నిజంగా అలాగే అనుకునేదాన్ని. ఇంటికొచ్చి ఒక పూట తిన్న అన్నమంతా కొలిచాను. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి, మళ్లీ పెరుగులోకి. మొత్తం మూడున్నర కప్పులు తేలింది! ఆ కప్పుకి 150 గ్రాముల అన్నం పడుతుంది, అంటే దాదాపు 200 కేలరీలు. ఒక్క పూటకి అన్నమే 700 అయింది. ఒకేసారి అంత పెట్టుకోం కాబట్టి మనకి తెలియదు. పదార్థం మారినప్పుడల్లా అన్నం గిన్నె మళ్లీ దగ్గరికొస్తుంది.

అందుకని అన్నమంతా ముందే పెట్టుకోవడం మొదలుపెట్టాను. కప్పున్నర, అంతే. గిన్నె మీద మూత పెట్టి వంటింట్లోనే ఉంచేస్తాను. కంచంలో అన్నాన్ని వేలితో మూడు భాగాలు చేసుకుంటాను: పప్పుకి, కూరకి, పెరుగుకి. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. మొదటి వారం పెరుగు దాకా వచ్చేసరికి అన్నం అయిపోయేది. పెరుగన్నం తినకపోతే నాకు భోజనం చేసినట్టే ఉండదు. అలా నాలుగు రోజులు వెలితిగా లేచాక, పప్పులోకే తక్కువ కలుపుకోవడం చేతికి అలవాటైంది.

ఆకలి తీరాలంటే కూర పెరగాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కూడా కంచంలో సగం కూరగాయలు, పళ్లే ఉండాలంటారు. కానీ మనం అన్నంలో కలుపుకోవడానికని ఉప్పూ కారాలు దట్టించి వండుతాం. ఆ కూరే రెండింతలు తింటే ఉప్పు ఎక్కువైపోతుంది. కాబట్టి రెండూ తగ్గించి వండు. నూనె సీసా వంచి పొయ్యకు, చెంచాతో వెయ్యి. ఒక్కో చెంచా 45 కేలరీలు. ఆవకాయ ఉన్నరోజు జాగ్రత్త, అది అన్నాన్ని లాగుతుంది.

మీ అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తారని రాశావు. చెయ్యి అడ్డం పెడితే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. "అన్నం చాలు గానీ, ఇంకాస్త బీరకాయ కూర వెయ్యండి అత్తయ్యా" అని నువ్వే అడుగు. పెట్టామన్న తృప్తి ఆవిడకీ ఉంటుంది. పిల్లాడు వదిలేసిన ముద్దలు మాత్రం నీ నోట్లో వేసుకోకు, అమ్మలూ. వాడికి మొదటే తక్కువ పెట్టు.

నాకు 8 కిలోలు తగ్గడానికి ఏడాది పట్టింది. నువ్వు నెలలోనే తగ్గాలని టెన్షన్ పడకు. అన్నం తిన్నాక కూడా కళ్లు తిరుగుతుంటే వెంటనే డాక్టరుకి చూపించుకో, రక్తపరీక్ష చేయిస్తారు.

పండక్కి వచ్చినప్పుడు నా స్టీలు కప్పు జత నీకిస్తాను. రెండూ ఒకే కొలత.

ఆశీస్సులతో,
పెద్దమ్మ