మోటారు స్విచ్ మీద చెయ్యి పెట్టకండి

ప్రశ్న: మా పై పోర్షన్ నాలుగేళ్ల క్రితం అద్దెకిచ్చాం. మావారు పోయాక ఆ 9,500 రూపాయలే నా మందులకీ ఇంటి ఖర్చుకీ ఆధారం. ఆరు నెలలుగా అద్దె రావడం లేదు. అతనికి టిఫిన్ బండి ఉంది. "అక్కా, వచ్చే నెల ఐదో తారీఖుకి పక్కా" అని వాట్సాప్ పెడతాడు. రెండు నెలల అడ్వాన్స్ ఎప్పుడో కరిగిపోయింది. పదకొండు నెలలకు రాసుకున్న అగ్రిమెంటు గడువు కూడా మూడేళ్ల కిందటే దాటింది. నీళ్ల మోటారు ఆపేసి, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేద్దామని మా మరిది అంటున్నాడు. చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: వద్దమ్మా. ఆ తాళం తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా బయటికి నెడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద అతను ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న సంగతి అక్కడ చూడరు.

లాయరుగా ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ అద్దెకుండేదాన్ని. అద్దె పెంచలేదని ఓనరు రెండు రోజులు మోటారు ఆపేశాడు. వీధి బోరింగు దగ్గర నుంచి మూడో అంతస్తుకి బిందెలు మోశాను. పెంచుదామన్న ఆలోచన కాస్తా పోయి, కేసు వేద్దామన్న పంతం వచ్చింది. మీ పై పోర్షన్ వాళ్లకీ అదే వస్తుంది.

చాలామంది రెంట్ కంట్రోల్ కోర్టుకి పరుగెడతారు. 1960 నాటి ఆ అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. (ఆ అద్దెకి ఇప్పుడు ఒక్క గదైనా దొరుకుతుందా?) కాబట్టి మీ దారి మామూలు సివిల్ కోర్టు. అగ్రిమెంటు ముగిశాక కూడా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి అతను నెలవారీ అద్దెదారు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయమని 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు అతని చేతికి అందిన రోజు నుంచి లెక్క. అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపించండి. గడువు దాటినా కదలకపోతే ఖాళీకీ బకాయికీ కలిపి దావా వేయొచ్చు. బకాయి అద్దెకు మూడేళ్ల లోపే దావా వేయాలి, కాబట్టి నాన్చకండి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. నోటీసు గడువు అయ్యాక అతను రెండు నెలల డబ్బు తెచ్చి చేతిలో పెడతాడు, మీరు సంతోషంగా లోపల దాచుకుంటారు. "అద్దె తీసుకున్నారు, అంటే నోటీసు వదులుకున్నట్టే" అని అతని లాయరు వాదిస్తాడు. డబ్బు వద్దనకండి గానీ, "పాత బాకీ కింద మాత్రమే, ఖాళీ నోటీసు అలాగే ఉంది" అని రసీదు రాసి అతనితో సంతకం పెట్టించండి. ఇంతకాలం నగదు తీసుకుని రసీదులిచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఆ "పక్కా" మెసేజులే మీకు పెద్ద ఆధారం. ఫోను మార్చినా అవి పోకుండా చూసుకోండి.

దావాకు ముందు ఒకసారి న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. దావా వేయకముందే విషయాన్ని లోక్ అదాలత్‌లో పెట్టొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. నన్నడిగితే, టిఫిన్ బండి మీద బతికేవాడి దగ్గర 57,000 ఒకేసారి రావు. అందులో కొంత వదులుకునైనా ఖాళీ చేసే తేదీ రాయించుకోండి. మిగతాది వాయిదాల్లో ఇస్తాడు.

మీ మరిదిగారికి ఊరికే కూర్చోవడం కష్టమైతే, ఆ పాత అగ్రిమెంటు, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు వెతికి ఒక ఫైలు కట్టమనండి.