మేయో పల్లెలకు వెళ్తున్న మేనకోడలికి

స్రవంతీ,

డబ్లిన్‌లో చదువుకుంటూ, సెలవుల్లో ఐర్లండ్ పడమటి వైపున్న మేయో పల్లెలు తిరిగి కమ్మరి కథలు, పొడుపు కథలు పోగుచేస్తావని మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడి రోడ్లు ఎంత ఇరుకో నాకు తెలుసు, నీకేమో డ్రైవింగ్ నిన్నగాక మొన్న వచ్చింది. చీకటి పడ్డాక కారు తీయకు. అంతే.

వెళ్లే ముందు ఆ ఊళ్ల పాత కాగితాలు చదువు. 1937-39లో దాదాపు 50,000 మంది బడిపిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకొచ్చిన కథలు, నమ్మకాలు డూకస్ (duchas.ie) అనే ఐరిష్ జానపద సేకరణల సైట్‌లో ఉన్నాయి. ఊళ్లోని కొలుములు అని ఒక అంశమే ఉంది. కాలిన ఇనుము ముంచిన నీళ్లు రాస్తే పులిపిర్లు పోతాయన్న మాట ఎన్నిసార్లు విన్నా మళ్లీ రాసుకో.

ఇక నా తెలివితక్కువతనం. మీ మామయ్య అక్కడి ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో మా ఇంటికి దగ్గర్లో ఎనభై దాటిన కమ్మరి ఉండేవాడు. ఓ సాయంత్రం టీకి పిలిచాడు. "సందులో పైకి వెళ్లాను, సందులో కిందికి వచ్చాను, సందునే వీపున మోసుకొచ్చాను" అని మొదలుపెట్టాడో లేదో, నేను "నిచ్చెన!" అనేశాను. మా నాయనమ్మ దగ్గర కిటకిట తలుపులు, కిటారి తలుపులు అంటూ పెరిగినదాన్ని కదా, పొగరు! ఆయన "అవునమ్మా" అని టీ తాగాడు. తర్వాత వాన గురించే మాట్లాడాడు.

గేటు దాకా వచ్చిన ఆయన భార్య మెల్లగా చెప్పింది. పొడుపు విప్పలేకపోతేనే ఆయన కథ ఎత్తుకుంటాడట. ఆ రోజు చెప్పాలనుకున్నది దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, తిప్పి శాపం పెట్టిన కమ్మరి కథ. కమ్మరి దాగలి తిప్పి తిడితే తగిలి తీరుతుందని అక్కడి పాత నమ్మకం. ఎవరు, ఎవరిని, ఎందుకు తిట్టారో నాకు తెలియనే లేదు. ఆ చలికాలమే ఆయన పోయాడు.

నీకూ నా నోరే వచ్చింది, చిన్నప్పుడు క్విజ్‌లలో చూశానుగా. జవాబు తెలిసినా ఓ రెండు నిమిషాలు తల గోక్కో. తప్పు జవాబు చెప్పినా పర్వాలేదు, పొడుపు వేసిన పెద్దాయన నవ్వుతాడు. తిరిగి మన పొడుపు కథ ఒకటి వెయ్యి.

ఉన్ని సాక్సులు నాలుగు జతలు కొనుక్కో, అక్కడ నేల తడి ఆరదు.

దాగలి కథ ఎక్కడైనా దొరికితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, ఎత్తుతాను.

నీ అత్త